సస్పెన్షనే న్యాయం కాదు

2023 ఆగస్టు 15. స్వాతంత్ర్య దినోత్సవం నాటి రాత్రే ఎల్బీనగర్ పోలీసులు ఒక లంబాడా మహిళను స్టేషనుకు తరలించారు. అక్కడ తనను తీవ్రంగా కొట్టారని ఆమె ఆరోపించింది. ఇద్దరు సిబ్బంది సస్పెండయ్యారు. హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది.

అంత రాత్రివేళ ఆమె అక్కడ ఎందుకున్నదని కొందరు అడిగారు. ఆ ప్రశ్నే అసందర్భమని మేము భావిస్తున్నాము. తప్పు చేసినవారినైనా కొట్టే అధికారం ఏ చట్టమూ పోలీసులకు ఇవ్వలేదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప, సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయరాదని చట్టమే చెబుతోంది. అరెస్టు సంగతి బంధువులకు తెలపాలని, వైద్యపరీక్ష జరిపించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆదేశించింది. ప్రతి ఠాణాలో కెమెరాలుండాలని 2020లో మళ్ళీ చెప్పింది.

2023 ఫిబ్రవరిలో, దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు పట్టుకెళ్ళిన ఒక ముస్లిం కూలీ గాంధీ ఆసుపత్రిలో మరణించినప్పుడు మనం కన్నీరు పెట్టుకున్నాము. ఎల్బీనగర్ మహిళ కోసం మనలో ఎందరం నోరు విప్పాము? లాఠీకి మతం లేనప్పుడు మన నిరసనకు ఎందుకుండాలి?

సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ ముగిసేదాకా విధులకు దూరంగా ఉంచడం మాత్రమే. నేరం రుజువైతే జైలుశిక్ష పడాలి. పెద్ద అంబర్‌పేట్ నుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి మస్జిదు నోటీసుబోర్డుపై బసు తీర్పు నియమాలు అంటిద్దాం. ఎవరి బిడ్డను పట్టుకెళ్ళినా, న్యాయవాదిని వెంటబెట్టుకుని ఠాణాకు వెళదాం.