మందుల షాపులో టీకా: డబ్బు ఎవరిది?

ఇంగ్లండులో వీధి చివర మందుల షాపులోనే టీకా వేస్తారు. మన దేశంలోనూ ఆ పద్ధతి రావాలనే మాట అప్పుడప్పుడూ వినబడుతోంది. ఊరికి దగ్గర, క్యూ ఉండదు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. అయితే కూలోడు అడగవలసిన మొదటి ప్రశ్న వేరే ఉంది: ఆ సూదికి డబ్బెవరు కడతారు?

ఇంగ్లండు సంగతే చూద్దాం. అక్కడ 2015 నుంచి దేశమంతటా మందుల షాపుల్లో ఫ్లూ టీకా వేస్తున్నారు. 65 ఏళ్ళు దాటినవారు, గర్భిణులు, దీర్ఘరోగాలున్నవారు నయాపైసా ఇవ్వనక్కర్లేదు. మందు ఖరీదూ, వేసినందుకు రుసుమూ అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థే షాపుకు చెల్లిస్తుంది. వేసే ఫార్మసిస్టుకు శిక్షణ తప్పనిసరి. ఆ జాబితాలో లేనివాడు మాత్రం అదే షాపులో జేబులోంచి తీసి కట్టాలి. అంటే అక్కడ షాపు మంచితనమేం లేదు, వెనక ఖజానా ఉంది. మనకు షాపును చూపించేవాళ్ళు ఆ ఖజానా సంగతి ఎత్తరు!

డబ్బు పెట్టి టీకా కొనుక్కోమంటే ఏమవుతుందో మనం 2021లో కళ్ళారా చూశాం. ఆ మే నెల నుంచి ఒకే కోవిషీల్డ్ మందుకు మూడు ధరలు పెట్టారు. కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆస్పత్రులకు 600. కోవాగ్జిన్ అయితే ప్రైవేటుకు 1,200. నాలుగో వంతు టీకాలు ప్రైవేటు ఆస్పత్రుల వాటా అన్నారు. అవి ఉన్నదెక్కడ? పట్నాల్లో. 18 నుంచి 44 ఏళ్ళవారు డబ్బు కట్టాలన్న ఆ విధానాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. జూన్ 21 నుంచి కేంద్రమే 75 శాతం కొని ఉచితంగా ఇచ్చింది. అప్పుడు గదా మన వాడల్లో సూది పడింది!

ఇక మనకు రోజూ ఎదురయ్యేది కుక్కకాటు. మా ప్రాంతంలో ఒక కూలీని తెల్లారుజామున మిరపకోతకు పోతుంటే కుక్క కరిచింది. నేనే వెంటబెట్టుకుని సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయాను. స్టాకు లేదు, బయట కొనుక్కోండన్నారు. మెడికల్ షాపులో సీసా మూడు నాలుగు వందలు. కొన్నాం. ఊళ్ళో ఆర్.ఎం.పి. చేత వేయించాం. సర్కారు పద్ధతిలో చర్మంలో కొద్దికొద్దిగా వేస్తారు గనుక ఒక్క సీసా ఒకరికి మించి సరిపోతుంది, 28 రోజుల్లో నాలుగుసార్లు పోతే చాలు. బయట కండకు వేయించుకుంటే మామూలుగా అయిదు సీసాలు, అయిదు రోజుల తిరుగుడు. రెండోదానికి అప్పు చేశాడు. మూడోదానికి, పుండు మానింది గదన్నా, అన్నాడు. పుండు మానితే రేబిస్ పోదు, వచ్చిందంటే మనిషి దాదాపు దక్కడు. వాదించి, సంఘం చందాలోంచి మిగతావి కొనిచ్చాం. అందరికీ చందా ఎక్కడ తేగలం?

కాటు పడగానే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడగాలని అందరికీ చెప్పండి. కాటు లోతైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మరో మందు వేయాలి. అది షాపు బల్లమీద అయ్యే పని కాదు.

ఇంకొకటి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన ఊళ్ళలో కరెంటు పోతే షాపువాడి ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగుతుంది, ఎవరు చూస్తారు? చెడిన మందు పైకి తెలియదు.

అయినా షాపు వద్దేవద్దని నేననను. ఆస్పత్రి తెరిచే వేళకు మన ఆడవాళ్ళు నాట్లలో ఉంటారు. పోతే ఆ పూట కూలి గోవిందా. షాపు సాయంత్రం తెరిచి ఉంటుందన్న మాటలో నిజం ఉంది. దాన్ని ఒప్పుకునే మన కోరిక పెడదాం: వారానికి రెండు సాయంత్రాలు ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం. టీకాలు వేయాలి, అందుకు అదనపు సిబ్బందిని ఇవ్వాలి. కుక్కకాటు మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంత ఉందో బోర్డు మీద రాయాలి. షాపుల్లో వేయిస్తామంటే శిక్షణ ఇచ్చి, ఖర్చు ప్రభుత్వమే కట్టాలి. ఈ కోతలు ముగిసేలోగా ఊరూరా కూలీల చేత సంతకాలు చేయించి మండలాఫీసులో ఇవ్వండి.