ఎస్‌తో మొదలయ్యే ఆరక్షరాల మాటలు



అమెరికాలో చదువుకుంటున్న మా మనవరాలు ఈ వేసవి సెలవులకు ఇంటికి వచ్చి నాకొక ఆట నేర్పింది. ఇంగ్లీషులో ఒక అక్షరాన్నీ ఒక సంఖ్యనూ ఎంచుకోవాలి. ఆ అక్షరంతో మొదలై, సరిగ్గా అన్ని అక్షరాలే ఉండే అరుదైన మాటలను పది నిమిషాల్లో రాయాలి. ఆ రోజు మాకు వచ్చినవి ఎస్, ఆరు. నేను సెప్సిస్, స్ట్రోక్, స్ప్యూటమ్, స్క్వింట్, స్కర్వీ, సూచర్ అని రాశాను. "ఇవన్నీ ఆస్పత్రి మాటలు, తాతయ్యా, వీటిని ఎవరు వాడతారు?" అని ఆమె అభ్యంతరం చెప్పింది. నలభై ఏళ్లు రోజూ వాడానని చెప్పాను. "నీ పేషెంట్లకు అర్థమయ్యేవా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

వైద్యంలో నోరు తిరగని పొడవాటి మాటలకు కొదవ లేదు. అయితే వాటివల్ల రోగికి జరిగే కీడు తక్కువ. అర్థం కాలేదని అతనికే తెలుస్తుంది కనుక, "అంటే ఏమిటండీ?" అని అడుగుతాడు. పొట్టి మాటల సంగతి వేరు. వినగానే తెలిసినట్టే ఉంటాయి. డాక్టరూ వివరించడు, రోగీ అడగడు. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసినవి ఇవే.

స్ట్రోక్‌నే తీసుకోండి. ఇంగ్లీషులో ఆ మాటకు దెబ్బ అని అర్థం. వైద్యులు దానిని మెదడుకు రక్తం అందకపోవడానికీ, మెదడులో రక్తనాళం చిట్లడానికీ వాడతారు. మనవాళ్లలో చాలామందికి స్ట్రోక్ అంటే గుండెపోటు. "హార్ట్ స్ట్రోక్" అని కూడా అంటారు. కొన్నేళ్ల క్రితం మా వీధిలో ఒక పెద్దాయనకు ఉదయం కాఫీ తాగుతుండగా మూతి ఒక పక్కకు జారింది, కుడిచేయి వాలిపోయింది, మాట ముద్దగా వచ్చింది. స్ట్రోక్ అని ఇంట్లోవారు సరిగానే గుర్తించారు. గుర్తించి, గుండెనొప్పికి ఇచ్చే మాత్రను నాలుక కింద పెట్టి, గుండె డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లారు. ఆ మాత్ర రక్తపోటును తగ్గిస్తుంది. అసలే రక్తం అందక అల్లాడుతున్న మెదడుకు అందేది మరింత తగ్గుతుంది. అక్కడ ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని చెప్పి మరో ఆస్పత్రికి పంపారు. సీటీ స్కాన్ అయ్యేసరికి ఆరు గంటలు దాటింది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. గడ్డ కట్టిందో, నాళం చిట్లిందో స్కాన్‌లో చూశాకే ఇవ్వాలి. ఆ పెద్దాయన ఇప్పటికీ ఎడమచేత్తోనే అన్నం తింటున్నారు.

మన "పక్షవాతం" ఎంత చక్కని మాటో గమనించండి. పక్షం అంటే పక్క. ఒక పక్క పడిపోవడమనే ముఖ్య లక్షణం పేరులోనే ఉంది. మూతి వంకర, చేయి వాలడం, మాట తడబాటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. నోట్లో ఏ మాత్రా వేయవద్దు.

తెలుగులో చెప్పినంత మాత్రాన పని అయిపోతుందని కూడా అనలేను. స్ప్యూటమ్ విషయంలో ఆ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నెలకు పైగా దగ్గుతున్న ఒక కూలీకి సీసా ఇచ్చి "ఉమ్మి తీసుకురా" అన్నాను. అతను ఉమ్మే తెచ్చాడు, నురుగుతో సహా. రెండుసార్లు పరీక్షించినా క్షయ క్రిములు కనబడలేదు. మూడోసారి మా ల్యాబ్ టెక్నీషియన్ అతన్ని పక్కకు పిలిచి, "పొద్దున లేవగానే నోరు పుక్కిలించు. గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ములోంచి దగ్గి, తెమడ పట్టుకురా" అన్నాడు. క్రిములు కనబడ్డాయి. ఈ ఆలస్యంలో దాదాపు నెలన్నర గడిచింది. అన్ని రోజులూ అతను భార్యాపిల్లలతో ఒకే గదిలో పడుకున్నాడు. కొన్ని ఊళ్లలో తెమడ అంటారు, కొన్నిచోట్ల కళ్లె, గళ్ల అంటారు. ఆ ఊరి మాటేదో కనుక్కోవడం కూడా వైద్యంలో భాగమేనని నాకు ఎంబీబీఎస్‌లో ఎవరూ చెప్పలేదు.

సెప్సిస్‌కు ఇప్పటికీ మనకు స్థిరమైన తెలుగు మాట లేదు. మన లిపిలో మూడక్షరాలే, ప్రాణాలు తీసేంత జబ్బు. కుళ్లడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. మనవాళ్లకు "సెప్టిక్ అయింది" అంటే పుండు చీము పట్టడం. అందుకే ఐసీయూ బయట "సెప్సిస్" అని చెబితే, పుండుకు కట్టు మారిస్తే సరిపోదా అని అడుగుతారు. ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి, మూత్రపిండాలు, ఊపిరితిత్తుల వంటి సొంత అవయవాలనే దెబ్బతీయడం సెప్సిస్. 2017లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై ప్రత్యేక తీర్మానం చేసింది. జ్వరమో, కాలిపుండో ఉన్న మనిషి వేగంగా ఊపిరి పీలుస్తున్నా, మూత్రం తగ్గినా, మాట పొంతన లేకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. మధుమేహం ఉన్నవారి ఇళ్లలో ఇది మరీ గుర్తుండాలి.

స్క్వింట్ అని నేను రాస్తే మా మనవరాలు ఎండలో కళ్లు చికిలించడం అనుకుంది. మనకు మెల్లకన్ను అనే మంచి మాట ఉంది. చిక్కంతా దాని వెనుక ఉన్న అదృష్టంతో వచ్చింది. మెల్లకన్ను కలిసివస్తుందని పిల్లలను డాక్టరుకు చూపించరు. పుట్టిన మొదటి కొన్ని నెలల్లో కళ్లు అప్పుడప్పుడూ పక్కకు తిరగడం సహజం. ఆరు నెలలు దాటినా ఉంటే కంటి వైద్యునికి చూపించాలి. మెదడు ఆ కంటి చూపును పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటాక దానిని తిరిగి రప్పించడం కష్టమవుతుంది. అరుదుగా కంటిలోపలి క్యాన్సర్ కూడా మెల్లకన్నుగానే బయటపడుతుంది.

స్కర్వీని ఇప్పుడు పరీక్షల కోసమే చదువుతున్నారు. సూచర్ అంటే కుట్టు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆటలో నేను ఒక మాట తేడాతో ఓడిపోయాను. మా మనవరాలు స్ప్లీన్ అని రాసింది. ఇంగ్లీషులో ఆ మాటకు కోపం అనే అర్థం కూడా ఉందట, ఆమెకు తెలిసింది అదే. మలేరియా రోజుల్లో బడిపిల్లలను వరుసగా పడుకోబెట్టి, పల్లెవారు "కడుపులో బల్ల" అనే ఆ ప్లీహాన్ని వేళ్లతో తడిమి చూసినవాణ్ని నేను. నాకు అది తట్టనేలేదు.