మడ బూజుకు విశాఖలో ఓ బ్యాంకు కావాలి

తీరప్రాంత ప్రజలకు, శాసనసభ్యులకు, విశ్వవిద్యాలయాల పెద్దలకు విన్నపం.

కోరింగ మడ అడవిలో ఉప్పునీట నానిన కర్రముక్కను తెచ్చి, శుభ్రమైన సముద్రపు నీటితో కడిగి, తడి ఆరకుండా మూతపెట్టి వారాల తరబడి ఉంచితే దానిమీద సన్నటి నల్లచుక్కలు లేస్తాయి. అవి సముద్రపు బూజులు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మన పరిశోధకులు వీటిని ఏళ్ల తరబడి ఏరి, గుర్తించి, పత్రాలు రాశారు. ఇలాంటి బూజులోంచి తీసిన రసాయనం గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపిందంటే డాక్టరేటు వస్తుంది. ఆ తర్వాత ఆ బూజును పెంచి ఉంచిన కల్చర్ గొట్టం, చాలాసార్లు, ఫ్రిజ్‌లోనే ఎండిపోతుంది. మళ్లీ అదే బూజు కావాలంటే దేవుడే దిక్కు!

బహామాస్ దీవుల దగ్గర ఆకుపచ్చ నాచుమీద దొరికిన ఆస్పర్జిల్లస్ అనే బూజుకు ఆ గతి పట్టలేదు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో విలియం ఫెనికల్ బృందం దాన్నుంచి హాలిమైడ్ అనే రసాయనం తీసింది. కణం రెండుగా విడిపోవడానికి కావలసిన ట్యూబులిన్ గొట్టాలను అది కట్టనివ్వదు. దాన్నే మార్చి ప్లినాబులిన్ తయారుచేశారు. 559 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై మూడో దశ ట్రయల్ జరిగింది. డోసిటాక్సెల్ అనే కీమో మందుకు దీన్ని జోడిస్తే మధ్యస్థ ఆయుష్షు 9.4 నెలల నుంచి 10.5 నెలలకు పెరిగింది. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోకుండా కాపాడే మందుగా అనుమతి అడిగితే, 2021లో అమెరికా ఎఫ్‌డీఏ ఇంకో ట్రయల్ చేసి రమ్మంది. అంత దూరం వచ్చినా గడప దాటలేదు. కనుక సముద్రపు మందంటూ ఎవరైనా సీసా చేతిలో పెడితే డబ్బివ్వకండి, కీమో మానకండి.

మరి బూజే ఎందుకు? జపాన్ శాస్త్రవేత్తలు 1980లలో 600 కిలోల సముద్రపు స్పాంజీ నుంచి రాబట్టిన హాలికాండ్రిన్-బి అనే క్యాన్సర్ నిరోధక పదార్థం 12.5 మిల్లీగ్రాములే. బూజుకు సముద్రాన్ని ఊడ్చక్కర్లేదు, ఒక్క గొట్టం బతికుంటే ట్యాంకులో పెంచుకోవచ్చు. అలాగని తేలికేం కాదు. సముద్రంలో చేసిన పదార్థాన్ని ఫ్లాస్కులోకి రాగానే మానేసే రకాలున్నాయి. ఉప్పు మార్చి, పక్కన ఇంకో సూక్ష్మజీవిని పెట్టి కవ్వించాలి. ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ గడువులో తెమిలే పని కాదిది.

అందుకే విశాఖలో సముద్రపు శిలీంధ్రాల కల్చర్ బ్యాంకు పెట్టమంటున్నాం. చండీగఢ్‌లో సూక్ష్మజీవుల కల్చర్లు దాచే ఎంటీసీసీ ఉందిగా అనకండి. అక్కడో నకలు ఉండనివ్వండి, ఇక్కడా ఒకటి ఉంటే రేపటి విద్యార్థి వెళ్లి తెచ్చుకుంటాడు. కల్చర్ జమచేసిన రశీదు చూపిస్తేనే ప్రాజెక్టుకు ఆఖరి విడత గ్రాంటు ఇవ్వాలి. ఈ ఒక్క నిబంధనకు ఖర్చు కూడా లేదు. పరవాడ ఫార్మాసిటీలో సూక్ష్మజీవులను పెంచే ట్యాంకులు (ఫెర్మెంటర్లు) ఉన్న కంపెనీలు ఖాళీ రోజుల్లో వాటిని అద్దెకివ్వాలి. రేపు లాభమొస్తే మడ ఊళ్లకు దక్కాల్సిన వాటా, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో ముందే రాయాలి.

మీ దగ్గరి విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ప్రభుత్వ డబ్బుతో సేకరించిన సముద్రపు బూజుల్లో ఈరోజు ఎన్ని బతికున్నాయి, ఎక్కడున్నాయి? వచ్చిన జవాబు నకలు మీ శాసనసభ్యుడికి ఇచ్చి, సభలో అడగమనండి.