గిట్ బ్లేమ్, డీడీటీ, మా తాతయ్య మిరపకాయలు

కోడ్ రాసేవాళ్ళందరికీ గిట్ బ్లేమ్ అనే కమాండ్ తెలుసు. ఫైల్‌లో ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపిస్తుంది. ప్రాజెక్టు ఆగిపోతే ముందు అదే కొడతాం. కానీ దాంట్లో ఒక తిరకాసు ఉంది. ఆ లైను మొదట రాసినవాడి పేరు రాదు, చివరిసారి ముట్టుకున్నవాడి పేరు వస్తుంది. పోయిన సెమిస్టర్‌లో ఖాళీలు సరిచేసిన పాపానికి ఎవరిదో బగ్ నా నెత్తిన పడింది.

సంక్రాంతికి ఊరెళ్తే మా తాతయ్యకీ అదే జరిగిందని తెలిసింది. మాది పర్చూరు వైపు పల్లె. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మొదటి కోత కాయ చూసి ఎగుమతికి కొనేవాళ్ళు శాంపుల్ పట్టుకెళ్ళారు. ల్యాబ్ రిపోర్టులో 'డీడీటీ (మొత్తం)' అన్న గడిలో అంకె హద్దు దాటింది. సరుకు వద్దన్నారు. సరే, అది వాళ్ళిష్టం. "ఇంకా డీడీటీ కొడుతున్నారా పెద్దాయనా?" అని అడిగారట. తాతయ్యని బాధపెట్టింది ఆ మాట. "ఆ పొడి మొహం చూసి ముప్పై ఏళ్ళు దాటిందిరా అబ్బాయ్, ఎవరికి చెప్పుకోను?" అన్నాడు నాతో.

నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. అర్థమైనంతలో చెప్తాను. అణువుల పేర్లకి తెలుగు మాటలు నాకు రావు, ఇంగ్లీషు మీడియం వాణ్ణి, మన్నించాలి.

ఆ గడిలో ఉన్నది ఒక మందు కాదు, నాలుగు పదార్థాల కూడిక. డీడీటీలోనే రెండు రకాలు (పారా-పారా, ఆర్థో-పారా), అది మట్టిలో విరిగితే వచ్చే డీడీఈ, డీడీడీ. యూరప్ రూలు ప్రకారం ఈ నాలుగూ కలిపి ఒకే అంకె వేస్తారు. తినేవాడికి అదే కావాలి, నాలుగూ చెడ్డవే కాబట్టి. కానీ కలపకముందు ఆ నాలుగూ చెప్పే కథ వేరు.

కొత్తగా కొట్టిన డీడీటీలో డీడీఈ చాలా తక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ డీడీటీ తగ్గి డీడీఈ పాలు పెరుగుతుంది. డీడీఈ ఎక్కువుంటే ఆ విషం పాతది. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీని 1989లో ఆపేశారు. అంతకుముందు పత్తికి ఎంత కొట్టారో మా ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. డీడీటీ పొడి, గమాక్సిన్ పొడి, తర్వాత పైరిత్రాయిడ్లు. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల మందు కొంత ఇప్పటికీ మా నల్లరేగడిలో ఉండొచ్చు. అయితే ఈ గడియారం అంత కచ్చితమైంది కాదని ఒప్పుకోవాలి. మట్టిలో డీడీటీ సగమవడానికి రెండేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా చెప్తారు. ఎండ, తడి, మట్టి రకాన్ని బట్టి మారుతుంది. నీళ్ళు నిలిచే చోట డీడీఈ బదులు డీడీడీ తయారవుతుంది. తారీఖు రాదు, పాతదా కొత్తదా అన్నది తెలుస్తుంది. మాకు కావాల్సింది అంతే.

ఇంకో అనుమానం గోడల మీద. మలేరియాకి ఇళ్ళ గోడలకి డీడీటీ కొట్టడం ప్రభుత్వ కార్యక్రమం, 1989 తర్వాత కూడా దానికి అనుమతి కొనసాగింది. మా కల్లం ఇంటి పక్కనే.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మూడోది, డైకోఫాల్. మిరపలో కింది ముడత తెచ్చే నల్లికి మనవాళ్ళు కొట్టిన మందు. దాన్ని తయారుచేసేదే డీడీటీ నుంచి. సరిగ్గా శుద్ధి చేయకపోతే సీసాలో డీడీటీ మిగిలిపోతుంది. మామూలు డీడీటీలో పారా-పారా రకం మూడొంతుల పైన, ఆర్థో-పారా 15 శాతం అటూఇటూ. డైకోఫాల్‌తో వచ్చినదాంట్లో ఇది తలకిందులు. చైనాలో సీసాలు పరీక్షిస్తే ఆర్థో-పారా దాదాపు ఏడు రెట్లు ఎక్కువ కనిపించింది. అంటే చట్టప్రకారం అమ్మిన మందు, బిల్లు తీసుకుని కొన్న మందు, రైతుకి తెలియకుండానే డీడీటీని చేలో పోసింది. స్టాక్‌హోమ్ ఒప్పందం డైకోఫాల్‌ని నిషేధ జాబితాలో చేర్చింది 2019లో. అప్పటిదాకా మన కొట్లలో అమ్మినదానికి బాధ్యత ఎవరిది? కొన్నవాడిదా?

నేను అడిగేది చిన్నది. ల్యాబ్ యంత్రం ఈ నాలుగింటినీ ఎలాగూ విడివిడిగానే కొలుస్తుంది. ఆ తర్వాతే కూడుతుంది. అంటే డేటా అంతా చేతిలో ఉండగానే, ఒక్క మొత్తం ఉంచుకుని మిగతా కాలమ్స్ పారేస్తున్నాం. మా డేటాబేస్ సార్ దగ్గర ఈ పని చేస్తే ల్యాబ్ మార్కులు పోతాయి. నాలుగు అంకెలూ రిపోర్టులో వేసి రైతుకి ఇవ్వండి. పైసా ఖర్చు లేదు. తప్పు నిజంగా రైతుదే అయితే అదీ బయటపడుతుంది, నాకు అభ్యంతరం లేదు.

ఇది ఒక్క మిర్చి గొడవే కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రికెళ్ళారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, హైదరాబాద్ ఎన్ఐఎన్ పురుగుమందుల అవశేషాలు చూపించింది. చివరికి పురుగుమందులే ప్రధాన కారణం అన్నారు, కానీ అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది ఇంకా అధ్యయనం చేయాలన్నారు. ముందు నెల నీళ్ళలో ఏముందో, ముందు ఏడాది కూరగాయల్లో ఏముందో విడివిడి అంకెలుగా ఎక్కడైనా రాసి ఉంటే పోల్చి చూసేవాళ్ళు. పాత లాగ్ లేకుండా డీబగ్ చేయడం ఎంత నరకమో మా క్లాసులో ఎవరినైనా అడగండి.

తాతయ్య రిపోర్టు వేసిన ల్యాబ్‌కి నాలుగు అంకెలూ కావాలని మెయిల్ పెట్టాను. శాంపుల్ ఇచ్చినవాళ్ళకి తప్ప వివరాలు ఇవ్వం అని జవాబొచ్చింది. కాయ తాతయ్యది, శాంపుల్ మాత్రం కొనేవాళ్ళది, అదీ లెక్క! ఆ సరుకు గుంటూరు యార్డులో తక్కువకి పోయింది.

రెండో కోత కాయ కల్లంలో ఆరుతోంది. ఈసారి గోడకి దూరంగా పోయించాం. శాంపుల్ మేమే పంపుతున్నాం, చేలో మట్టి కూడా ఒక సంచిలో కట్టి. నాలుగు గడులూ విడిగా నింపమని ఫారం మీద తాతయ్యే రాశాడు, పెద్ద అక్షరాలతో.