ఓపెనింగులు బట్టీ పడితే గెలుస్తామా?

మన హాస్టల్ వరండాలో స్టడీ అవర్‌కు ముందు రెండు చెస్ బోర్డులైనా పరిచి ఉంటాయి. ఒకదాంట్లో తెల్ల ఏనుగు పోయింది, దాని స్థానంలో సీసా మూత ఆడుతోంది. ఆడేవాళ్లు నలుగురైతే వెనక నిలబడి ఎత్తులు చెప్పేవాళ్లు పదిమంది. ఇదంతా సంతోషమే. కానీ ఈమధ్య తమ్ముళ్లు జిరాక్సు కాగితాలు, ఫోన్లో వీడియోలు ముందు పెట్టుకుని ఓపెనింగులను ఎక్కాల్లా వల్లె వేస్తున్నారు. మేమూ ఆ పని చేసి దెబ్బతిన్నవాళ్లమే కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

మేం డిగ్రీలో ఉన్నప్పుడు నలుగురం హాస్టళ్ల మధ్య పోటీలకు వెళ్లాం. నెలరోజులు కూర్చుని సిసీలియన్ డిఫెన్స్ పన్నెండు ఎత్తుల దాకా నేర్చుకున్నాం. మొదటి బోర్డు మీద అవతలి అబ్బాయి ఇ4 ఆడాడు, మేం సి5 ఆడాం. మా కాగితం ప్రకారం అతను గుర్రాన్ని ఎఫ్3కి తేవాలి. తేలేదు. చిన్న బంటును సి3కి జరిపాడు, అంతే. మా నెల చదువు రెండో ఎత్తుకే అయిపోయింది. ఏం చేయాలో తోచక అంచు బంట్లను తోస్తూ కూర్చున్నాం. ఇరవై ఎత్తులు తిరక్కుండానే మంత్రి పోయింది.

తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు మాలో ఒకడన్నాడు: "ఆ బంటు గుర్రం రావలసిన గడిలో కూర్చుంది కదరా!" నిజమే. తర్వాత డి4 ఆడి మధ్యలో రెండు బంట్లు నిలపాలని అతని ఆలోచన. కానీ సి3లో బంటు ఉంటే ఆ పక్క గుర్రం అక్కడికి రాలేదు, ఇ4 బంటును కాయలేదు. అందుకని మన గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఆ బంటు మీదికి వెళ్లొచ్చు. లేదా డి5 ఆడొచ్చు. అతను బంటుతో కొడితే మన మంత్రి తిరిగి కొట్టి మధ్యలో కూర్చుంటుంది, తరమడానికి గుర్రం రాదు. పుస్తకాల్లో ఉన్న ముఖ్యమైన జవాబులు ఈ రెండేనని తర్వాత చూశాం. కారణం అడిగి ఉంటే బోర్డు దగ్గరే దొరికేవి.

మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, గైడే గురువు. గైడులో ఉన్నది అప్పజెబితే మార్కులొచ్చాయి. ఆ అలవాటే బోర్డు దగ్గరికీ తెచ్చుకున్నాం. పరీక్షలో ప్రశ్న గైడులోంచే వస్తుందేమో గానీ, ఎదుటి ఆటగాడు మన కాగితం చూసి ఆడడు.

అందుకే తెల్లకు ఒకే ఓపెనింగ్ చాలు. ఇటాలియన్ తీసుకోండి. ఇ4, ఇ5. గుర్రం ఎఫ్3కి వస్తే ఇ5 బంటు మీద దాడి. నల్ల గుర్రం సి6కి వచ్చి కాస్తుంది. ఒంటె (పెద్దలు శకటు అంటారు) సి4కి వస్తే దాని చూపు ఎఫ్7 మీద. ఆ గడిని రాజు తప్ప ఎవరూ కాయడం లేదు. ఇక్కడ నల్ల రెండో గుర్రం ఎఫ్6కి వస్తే, తెల్ల గుర్రం జి5కి దూకి ఎఫ్7ను రెండోసారి గురిపెడుతుంది. డి5 ఆడి ఒంటె దారి మూయాలని ఎందుకంటారో అప్పుడు దానంతటదే అర్థమవుతుంది. నల్లతో ఇ4కి ఇ5, డి4కి డి5 ఆడితే ప్రస్తుతానికి సరిపోతుంది.

ఓపెనింగులే వద్దు, అంతా బుర్రే అనే అన్నలూ ఉన్నారు. వాళ్లు మీర్ సుల్తాన్ ఖాన్ పేరు చెబుతారు. పంజాబులో ఒక జమీందారు దగ్గర పనివాడు. బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడిచే మన దేశీ ఆట నేర్చి, 1929లో లండన్ వెళ్లి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లోనూ గెలిచాడు. హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకానూ ఓడించాడు. నిజమే, కానీ ఓపెనింగులు ఆయనకు చివరిదాకా బలహీనతే, లండన్‌లో కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. ఆయన పేరు చెప్పి మనం సోమరులం కావద్దు. గంట ఆడితే పావుగంట ఓపెనింగుకు ఇవ్వండి, మిగతాది ఎత్తుగడలకూ ఆట ముగింపుకూ.

ఓడిన ప్రతి ఆటలో మనకు దారి తప్పిన మొదటి ఎత్తు ఏదో వెతికి, ఒక్క వాక్యం రాసుకోండి. దాన్ని ట్రంకుపెట్టెలో దాచొద్దు. హాస్టలంతటికీ ఒకే నోట్‌బుక్ ఉంటే ఒకడి ఓటమి నలభై మందికి పనికొస్తుంది. మేం మొదలుపెట్టినది టీవీ గది అల్మారాలో ఉంది, ఇంకా సగం పేజీలు ఖాళీ. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థి అన్నలు ఈసారి షీల్డు బదులు ఒక చెస్ గడియారం, ఆ తెల్ల ఏనుగు తెస్తే బాగుంటుంది.