రెక్కను తిరగేస్తే

విమానం రెక్క గాలిని ఆసరా చేసుకుని పైకి లేస్తుంది. అదే రెక్కను తలకిందులుగా బిగిస్తే రేసు కారును నేలకు అదుముతుంది. యుద్ధవిమానాల దగ్గర పనిచేసినవారికి రేసు గ్యారేజీ అందుకే పరాయిచోటు కాదు.

బ్రిటన్‌లో ఫ్రాంక్ కాస్టిన్ డి హావిలాండ్ విమాన సంస్థ ఇంజినీరు. గాలి పోకడ తెలిసిన ఆయన రూపమిచ్చిన వాన్‌వాల్ కారు 1958లో ఫార్ములా వన్ తొలి కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచింది. డి హావిలాండ్‌లోనే పనిచేసిన తమ్ముడు మైక్, అదే ఏడాది కీత్ డక్‌వర్త్‌తో కలిసి కాస్‌వర్త్ ఇంజిన్ల కంపెనీ పెట్టాడు.

ప్రతి బోల్టుకూ లెక్క, ప్రతి పనికీ సంతకం: విమానాల షెడ్డు నేర్పే ఈ అలవాటే నా దృష్టిలో అసలు ఆస్తి. వైమానిక దళంలో ఇరవై ఏళ్లు చేసి బయటికొచ్చే మన టెక్నీషియన్లకు కాపలా ఉద్యోగాలే గతి అనుకోవడం అన్యాయం. ఈ సంచిక వారికోసమే. మీ ఇంట్లో అలాంటివారుంటే దయచేసి చేతికివ్వండి.