కత్తెర ఎవరి చేతిలో ఉంది?

బొమ్మ తీసినవాడిదే కళ అని మనకు చెబుతూ వచ్చారు. మరి ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టాలో, ఎక్కడ కొయ్యాలో, ఎవరి ముఖం దగ్గర ఆగాలో తేల్చేవాడి సంగతేంటి? అసలు పెత్తనం అక్కడుంది. కత్తెర ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లది.

దీనికి రెండు చిన్న సినిమాలు సాక్ష్యం.

మొదటిది 'నౌ'. అంటే ఇప్పుడే. ఆరు నిమిషాలు ఉంటుందేమో, అంతే. 1965లో క్యూబాలో శాంటియాగో అల్వారెజ్ చేశాడు. అమెరికా దిగ్బంధంలో ఉన్న దేశం, ఫిల్ముకి కరువు. అమెరికా వీధుల్లో నల్లవాళ్ల పోరాటాన్ని వెళ్లి తీసుకొచ్చే దారి లేదు. అందుకని అమెరికా పత్రికల్లో అచ్చయిన ఫొటోలే తీసుకున్నాడు, న్యూస్‌రీలు ముక్కలు తీసుకున్నాడు. లీనా హార్న్ పాట వెనక పెట్టాడు. కదలని ఫొటో మీద కెమెరాని నడిపించాడు. లాఠీ దగ్గరికి, పోలీసు కుక్క కోరల దగ్గరికి, కింద పడ్డ మనిషి ముఖం దగ్గరికి. పాట ఊపుకి బొమ్మ మారుతుంది. చివర్న తుపాకి గుళ్ల రంధ్రాలతో 'నౌ' అనే మాట తెర మీద పడుతుంది. పత్రికలో వార్తగా పడ్డ ఫొటో ఇక్కడ అభియోగపత్రం అయింది.

రెండోది 'లవ్ ఈజ్ ద మెసేజ్, ద మెసేజ్ ఈజ్ డెత్'. మిసిసిపీలో పుట్టిన నల్లజాతి కళాకారుడు ఆర్థర్ జాఫా 2016లో చేశాడు. ఏడు నిమిషాల పైచిలుకు. ఇందులోనూ ఎక్కువ భాగం ఇతరులు తీసిన ముక్కలే. యూట్యూబ్‌లో దొరికినవి బోలెడు. 2015లో నార్త్ చార్లెస్టన్‌లో పారిపోతున్న వాల్టర్ స్కాట్‌ని పోలీసు వెనకనుంచి కాల్చాడు. పనికి పోతున్న మనిషొకడు దాన్ని ఫోనులో పట్టాడు. ఆ ముక్క ఉంది. అదే ఏడు చార్లెస్టన్ చర్చి హత్యల తర్వాత ఒబామా పాడిన ముక్క ఉంది. వాటి మధ్యనే ఆట, నాట్యం, ప్రార్థన, మండే సూర్యుడు. చూసేవాడు జాలిపడి లేచిపోయే సందు ఇవ్వడు జాఫా. చచ్చిన మనిషి ఎంత బతుకున్న జాతి మనిషో పక్క ముక్క చెబుతుంది. 2020 జూన్‌లో 13 మ్యూజియంలు కలిసి దీన్ని 48 గంటలు ఇంటర్నెట్‌లో చూపించాయి.

ఎవరో తీసిన బొమ్మలు అతికిస్తే కళ ఎట్లా అవుతుందని పండితులు అడుగుతారు. దెబ్బలు తిన్నవాడి చేతిలో కెమెరా ఎప్పుడుంది గనుక? తన ఒంటి మీద పడ్డ దెబ్బకి తీసిన ఫొటో కూడా వాడిది కాదంటే ఇంకేం మిగిలింది వాడికి?

నల్ల పాంథర్ల పేరు 1972లో బొంబాయికి వచ్చి దళిత పాంథర్లయింది. పేరు మనదాకా వచ్చినప్పుడు ఈ విద్య ఎందుకు రాకూడదు? కారంచేడు, చుండూరు అనగానే పత్రికలు మన శవాలనూ, ఏడ్చే తల్లులనూ చూపించాయి. అవి సాక్ష్యాలు, భద్రంగా దాచాల్సిందే. కానీ అదే వాడలో డప్పుంది, పెళ్లుంది, బడికి పోయే పిల్ల ఉంది, కోర్టు మెట్లెక్కిన ముసలమ్మ ఉంది. ఆ బొమ్మల్ని వీటి పక్కన పెట్టే పని ఇంకొకడు చెయ్యడు.

చేతగాదంటే ఒప్పుకోం. హీరో పుట్టినరోజు వస్తే మన కుర్రాళ్లు రాత్రికి రాత్రి ఫోనులో వీడియో కూర్చి పడేస్తున్నారు. దరువుకి కొయ్యడం వాళ్లకి బాగా తెలుసు. ఎవరి కోసం కొయ్యాలన్నదే మిగిలిన ప్రశ్న.

'నౌ' ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. పదిమందిని కూర్చోబెట్టి చూడండి. తర్వాత పాట ఆపేసి మళ్లీ చూడండి. ఎక్కడ కోశాడో, ఎందుకు కోశాడో వాదించుకోండి. ఆ వాదన అయ్యాక ఫోను తెరవండి.